అమ్మ ఒక్కతే వెళ్తుందా, ఇల్లంతా వెళ్తుందా? కువైట్, స్పెయిన్ వీసాల మధ్య మన దళితవాడలు

పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో వలస లేని దళితవాడ దొరకడం కష్టం. కుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు వెళ్ళి రాత్రికి తిరిగొచ్చే కూలీలు ఉన్నారు. మదనపల్లె, పుంగనూరు వైపు నుంచి వెళ్ళేవాళ్ళు అదే రోజు తిరిగి రారు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి వస్తారు. వాళ్ళు వెళ్ళేది కువైట్. వెళ్ళేవాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళు, చేసేది ఇంటిపని. పిల్లలు అవ్వ దగ్గర పెరుగుతారు. అమ్మ ఫోన్‌లో కనిపిస్తుంది.

ఇటీవల ఇంకో మాట కూడా వినబడుతోంది: యూరప్. అక్కడ భార్యాబిడ్డలతో కాపురం పెట్టిన తెలుగు కుటుంబాల వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున ఊరు, పిల్లలకు ఫీజు లేని బడి, సాయంత్రం బీచ్. కువైట్‌లోనూ సముద్రం ఉంది. సాల్మియాలో పనిచేసే మన ఆడవాళ్ళకు అది కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. కానీ తమ పిల్లలను ఆ ఒడ్డుకు తీసుకొచ్చే వీలు వాళ్ళకు లేదు.

ఈ తేడా ధైర్యంలోదో కష్టపడటంలోదో కాదు. కాగితంలోది. ఏ దేశం ఏ వీసా ఇస్తుంది, ఆ వీసా కుటుంబాన్ని ఒప్పుకుంటుందా, ఆ వీసా తెచ్చుకోవడానికి కావలసిన చదువూ జీతమూ ఊళ్ళో ఎవరి దగ్గర ఉన్నాయి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఎవరి కుటుంబం విదేశంలో స్థిరపడుతుందో, ఎవరి కుటుంబం రెండు ముక్కలవుతుందో అర్థమవుతుంది.

కువైట్: ఇంటిపనికి వీసా ఉంది, ఇంటికి లేదు

కువైట్‌లో సుమారు 10 లక్షల మంది భారతీయులు ఉన్నారు. అక్కడి విదేశీయుల్లో పెద్ద సంఖ్య మనదే. వాళ్ళందరి వీసా ఒకటి కాదు. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళది ఆర్టికల్ 18, ఇళ్ళలో పనిచేసేవాళ్ళది ఆర్టికల్ 20, కుటుంబ సభ్యులుగా వచ్చేవాళ్ళది ఆర్టికల్ 22. మన వాడల నుంచి వెళ్ళే ఆడవాళ్ళు, డ్రైవర్లు, వంటవాళ్ళు ఎక్కువగా ఆర్టికల్ 20 కిందకు వస్తారు. వాళ్ళకు తమ కుటుంబాన్ని తెచ్చుకునే హక్కు లేదు.

ఇంటిపని కార్మికుల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి జీతంతో కూడిన సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, పని మానేసి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం లెక్కన సొమ్ము ఇవన్నీ అందులో ఉన్నాయి. కార్మికురాలు ఒప్పుకోకుండా యజమాని ఆమె పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదనీ ఉంది. 2016లో కనీస వేతనం నెలకు 60 దినార్లుగా ప్రకటించారు. మన రూపాయల్లో 16, 17 వేలు. గల్ఫ్‌లో ఇలాంటి రక్షణలు రావడం చిన్న విషయం కాదు. అయితే చట్టం ఉన్నంత మాత్రాన నాలుగు గోడల మధ్య అది అమలవుతుందని కాదు. అకామా కఫీల్ చేతిలో ఉన్నంత కాలం, ఇల్లు మారాలంటే అతని సంతకం కావాలన్నంత కాలం, ఫిర్యాదు చేయాలనుకునే మనిషి ముందు తన ఉద్యోగాన్ని, ఆ తర్వాత తన ఉనికినే పణంగా పెట్టాల్సి వస్తుంది.

దెబ్బలు భరించలేక, జీతం అందక ఇల్లు వదిలి బయటికి వచ్చిందంటే యజమాని ఆమె మీద పారిపోయిందని కేసు పెట్టవచ్చు. అప్పుడామె గల్ఫ్ తెలుగులో చెప్పే 'కల్లివల్లి' మనిషి అయిపోతుంది. పట్టుబడితే జైలు, దేశ బహిష్కరణ. అందుకే 2018, 2020, 2024 సంవత్సరాల్లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడల్లా ఔట్‌పాసుల కోసం భారత రాయబార కార్యాలయం దగ్గర మనవాళ్ళ వరుసలు కనిపించాయి.

ఇక కుటుంబం సంగతి. 2024 జనవరిలో కువైట్ కుటుంబ వీసాలను మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, భార్యాబిడ్డలను తెచ్చుకోవాలనుకునే ఉద్యోగి జీతం కనీసం 800 దినార్లు ఉండాలని షరతు పెట్టింది. దీన్ని ఇంటిపని కనీస వేతనం పక్కన పెట్టి చూడండి. 60 ఎక్కడ, 800 ఎక్కడ? 13 రెట్లకు పైనే. ఆర్టికల్ 20 వారికి ఈ దారి ఎలాగూ లేదు. కంపెనీల్లో పనిచేసే క్లీనర్, హెల్పర్, చిన్న డ్రైవర్ కూడా ఆ జీతానికి అందరు. అంటే కువైట్‌లో కుటుంబంతో కనిపించే తెలుగువారు ఇంజనీర్లు, నర్సులు, అకౌంటెంట్లు, వ్యాపారులు. ఇంకొకరి పిల్లలకు అన్నం తినిపించే ఆడమనిషి మాత్రం తన పిల్లలను చూడాలంటే విమానం ఎక్కాలి.

మన వైపున ఉన్న గేటు: పదో తరగతి

ఈ కథలో కువైట్ ఒక్కటే దోషి కాదు. గేటు మన వైపు కూడా ఉంది. 1983 వలసల చట్టం కింద పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ పాస్‌పోర్టు అవుతుంది. అంటే కువైట్, సౌదీ, ఖతార్, మలేసియా లాంటి 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలి. 2016 నుంచి వాళ్ళను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలనే నియమం ఉంది. మన రాష్ట్రంలో ఆ పని ఓమ్‌క్యాప్‌ది.

రక్షణ కోసం పెట్టిన నియమమే ఇది. కానీ ఊళ్ళో ఏజెంటు దీన్ని దాటే దారి చూపిస్తాడు. వయసు మార్చిన కాగితం, విజిట్ వీసా, వేరే దేశం మీదుగా ప్రయాణం, పత్రాల్లో ఒక పని చెప్పి అక్కడ ఇంకో పనిలో పెట్టడం. ఇలా వెళ్ళిన మనిషి ప్రభుత్వ లెక్కల్లో ఉండదు. ఆమెకు ఒప్పంద పత్రం ఉండదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్ళకు 275 రూపాయలు కడితే వచ్చే 10 లక్షల ప్రమాద బీమా కూడా ఉండదు. ఆపద వస్తే ఆమె అక్కడ ఉందని రుజువు చేయడానికే కుటుంబానికి నెలలు పడుతుంది.

పదో తరగతి దగ్గర ఆగిపోయేది ఎవరు? టమోటా కోతల కాలంలో అమ్మతో పాటు తోటకు వెళ్ళాల్సి వచ్చిన పిల్ల, చెల్లిని చూసుకోవడానికి బడి మానేసిన పిల్ల, హాస్టల్‌లో సీటు రాక ఇంటికి వచ్చిన పిల్ల. మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి. ఆ బుట్టలు నింపే చేతుల్లో ఎన్ని చేతులకు పదో తరగతి సర్టిఫికెట్ ఉందో అడిగితే, పాస్‌పోర్టు మీద ముద్ర ఎవరి మీద పడుతుందో తెలిసిపోతుంది. కులం చదువును ఆపుతుంది, చదువు పాస్‌పోర్టును నిర్ణయిస్తుంది, పాస్‌పోర్టు వీసాను నిర్ణయిస్తుంది, వీసా కుటుంబాన్ని విడదీస్తుంది. గొలుసు మొదటి కడియం మన ఊళ్ళోనే ఉంది.

స్పెయిన్: కుటుంబాన్ని ఒప్పుకునే చట్టం ఎలా ఉంటుంది

స్పెయిన్‌ను స్వర్గంగా చూపించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కార్మికుడిని చేతులుగా మాత్రమే కాక, కుటుంబం ఉన్న మనిషిగా చూసే చట్టం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి అది మంచి ఉదాహరణ.

మొదటిది, ఊరి రిజిస్టరు. స్పెయిన్‌లో నివసించే ప్రతి మనిషీ తానుండే మునిసిపాలిటీలో పేరు రాయించుకోవాలి. దీన్ని 'పద్రోన్' అంటారు. వీసా ఉందా లేదా అన్నది దీనికి అడ్డు కాదు. ఆ మనిషి ఫలానా తేదీ నుంచి ఫలానా ఊళ్ళో ఉంటున్నాడనడానికి అదే రుజువు. బడిలో చేర్చడానికి, ఆసుపత్రి కార్డుకు, తర్వాత నివాస అనుమతికి ఆ కాగితమే ఆధారం. ఇంటి యజమాని ఒప్పుకోకపోవడం లాంటి చిక్కులు అక్కడా ఉన్నాయి. సొంత చిరునామా లేనివారిని కూడా నమోదు చేయాలన్నదే నియమం.

రెండోది, బడి. 2000 సంవత్సరపు విదేశీయుల చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు విదేశీ పిల్లలకు స్పానిష్ పిల్లలతో సమానంగా చదువుకునే హక్కు ఉంది. తల్లిదండ్రుల కాగితాలు సరిగా లేకపోయినా పిల్లను బడి నుంచి పంపేయకూడదు. 6 నుంచి 16 ఏళ్ళ వరకు చదువు తప్పనిసరి, ఉచితం.

మూడోది, కుటుంబాన్ని పిలిపించుకోవడం. ఏడాది పాటు చట్టబద్ధంగా ఉండి, ఇంకో ఏడాదికి అనుమతి పొందిన కార్మికుడు భార్యను లేదా భర్తను, 18 ఏళ్ళ లోపు పిల్లలను పిలిపించుకోవచ్చు. అందుకు సరిపడా ఇల్లుందని మునిసిపాలిటీ లేదా ప్రాంతీయ ప్రభుత్వం నివేదిక ఇవ్వాలి. ఆదాయం చూపించాలి. దానికి 'ఇప్రెమ్' అనే కొలత ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో అది నెలకు 600 యూరోలు. ఇద్దరు సభ్యులున్న కుటుంబానికి దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 900 యూరోలు. ఆపై ప్రతి మనిషికీ ఇంకో 300. ముగ్గురికి 1,200 అవుతుంది.

2025లో స్పెయిన్ కనీస వేతనం 1,184 యూరోలు, ఏడాదికి 14 సార్లు ఇస్తారు. దాన్ని 12 నెలలకు పంచితే నెలకు సుమారు 1,381 యూరోలు. అంటే కనీస వేతనం మీద బతికే మనిషి కూడా భార్యనో భర్తనో, ఒక బిడ్డనో పిలిపించుకునే లెక్క కుదురుతుంది. కువైట్‌లో కనీస వేతనానికీ కుటుంబ వీసాకూ మధ్య 13 రెట్ల గోడ. స్పెయిన్‌లో కుటుంబ వీసా గీత కనీస వేతనం దిగువనే ఉంది. ఒక దేశం కార్మికుల కుటుంబాల గురించి ఏమనుకుంటుందో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

నాలుగోది, ఇంటిపని. ఇంటిపని కార్మికుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒప్పందాన్ని స్పెయిన్ 2023లో ఆమోదించింది. అంతకు ముందు ఏడాది ఇంటిపని వారికి నిరుద్యోగ భృతి హక్కు ఇచ్చింది. కువైట్ ఆ ఒప్పందాన్ని ఆమోదించలేదు. మన దేశమూ ఆమోదించలేదు. గల్ఫ్‌లో మన ఆడవాళ్ళకు న్యాయం చేయమని అడిగేటప్పుడు ఈ రెండో మాట కూడా గుర్తుంచుకోవాలి.

ఒడ్డున దిగాక

స్పెయిన్ తీరపు ఊళ్ళో కాపురం పెట్టే కుటుంబానికి మొదటి కష్టం ఇల్లు. వేసవిలో టూరిస్టులకు రోజు లెక్కన ఇచ్చే లాభం మరిగిన యజమానులు ఏడాది పొడవునా ఉండే కుటుంబానికి ఇవ్వడానికి వెనకాడతారు. పాత జీతం స్లిప్పులు అడుగుతారు. 2024లో కానరీ దీవుల్లో, మలగాలో, బార్సెలోనాలో స్థానికులే వీధుల్లోకి వచ్చి అద్దెల మీద, టూరిజం మీద ఊరేగింపులు చేశారు. కొత్తగా వచ్చిన విదేశీ కుటుంబానికి ఇది ఇంకా బరువు.

రెండోది భాష. బార్సెలోనా వైపు తీరంలో బడి నడిచేది ప్రధానంగా కతలాన్ భాషలో. వీధిలో స్పానిష్, బడిలో కతలాన్, ఇంట్లో తెలుగు. మనవాళ్ళు దీనికి బెదరనక్కర్లేదు. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వింటూ పెరిగిన పిల్లలకు ఇది కొత్త కాదు. పిల్లలు త్వరగా నేర్చుకుంటారు. ఇంట్లో ఉండిపోయే తల్లే వెనకబడుతుంది. మునిసిపాలిటీలు, స్వచ్ఛంద సంస్థలు పెద్దల కోసం నడిపే తరగతుల్లో ఆమె మొదటి నెలలోనే చేరాలి. ఆ ఊళ్ళో ఆమెకంటూ పని, పరిచయాలు దొరికే దారి అదే.

మూడోది పేరు. స్పెయిన్‌లో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు: ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి కొన్నిసార్లు ఖాళీగా ఉంటుంది, కొన్నిసార్లు పొడి అక్షరమే ఉంటుంది. ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటే అక్కడ ప్రతి ఆఫీసులోనూ ఆగాల్సి వస్తుంది. బయలుదేరే ముందే పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లలో పేర్లు ఒకేలా చేయించుకుని, అపోస్టిల్ ముద్ర వేయించుకోవాలి.

పైకి కనిపించని గీత: ఎవరు చేరగలరు

చట్టం ఇంత మెత్తగా ఉంటే అందరూ వెళ్ళవచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడే రెండో గేటు ఉంది. స్పెయిన్ లోపల ఉన్నవారికి చట్టం మెత్తగా ఉంటుంది. బయటి నుంచి వచ్చేవారికి తలుపు ఇరుకు.

2022 చివర్లో అమల్లోకి వచ్చిన స్టార్టప్ చట్టం కింద ఇచ్చే డిజిటల్ నోమాడ్ వీసాకు అక్కడి కనీస వేతనానికి రెట్టింపు ఆదాయం చూపాలి. వేరే దేశపు కంపెనీకి కంప్యూటర్ మీద పనిచేసేవారికి ఇది. పని చేయకుండా ఉండే నివాస వీసాకు ఇప్రెమ్‌కు నాలుగు రెట్లు, నెలకు 2,400 యూరోలు చూపాలి. వీడియోల్లో కనిపించే బీచ్ కాపురాల వెనుక సాధారణంగా ఇలాంటి కాగితాలే ఉంటాయి. మామూలు పని వీసా రావాలంటే ఆ ఉద్యోగానికి అక్కడ మనిషి దొరకడం లేదని యజమాని చూపించాలి. ఇంటిపనికో పొలం పనికో మన ఊరి నుంచి నేరుగా ఆ వీసా రావడం చాలా అరుదు. కాబట్టి మదనపల్లె బస్టాండు దగ్గర ఎవరైనా 'స్పెయిన్‌లో ఇంటిపని వీసా గ్యారంటీ' అని డబ్బు అడిగితే అనుమానించడానికి ఆ ఒక్క మాటే చాలు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

టమోటా రెండు చోట్లా ఉంది

కాగితాలు లేకుండా స్పెయిన్ చేరిన కార్మికుల బతుకు తెలియాలంటే అల్మేరియా చూడాలి. దక్షిణ తీరంలో సముద్రం పక్కనే 30 వేల హెక్టార్లకు పైగా ప్లాస్టిక్ కప్పుల కింద టమోటా, కాప్సికమ్, దోస పండిస్తారు. దాన్ని 'ప్లాస్టిక్ సముద్రం' అని పిలుస్తారు. యూరప్ సూపర్ మార్కెట్లకు చలికాలంలో కూరగాయలు అక్కడి నుంచే వెళ్తాయి. ఆ ఉక్కలో పనిచేసేది ఎక్కువగా మొరాకో, పశ్చిమ ఆఫ్రికా దేశాల వలస కూలీలు. వాళ్ళలో చాలా మంది అట్టలు, ప్లాస్టిక్ పట్టలతో కట్టుకున్న గుడిసెల్లో ఉంటారు. 2000 ఫిబ్రవరిలో అక్కడి ఎల్ ఎహీదోలో ఒక హత్య తర్వాత మొరాకో కూలీల ఇళ్ళ మీద, దుకాణాల మీద రోజుల తరబడి దాడులు జరిగాయి. కూలీలు పని ఆపి సమ్మె చేశారు. 2020లో ఐక్యరాజ్యసమితి పేదరిక నిపుణుడు ఫిలిప్ ఆల్స్టన్ వెల్వా ప్రాంతంలోని స్ట్రాబెరీ కూలీల గుడిసెలను చూసి, అక్కడి పరిస్థితిని ఘాటుగా ఖండించారు. మదనపల్లె టమోటా తోటల్లో పనిచేసిన మనిషికి ఈ దృశ్యం కొత్తగా అనిపించదు. పంట పండించే చేతికి ఊళ్ళో ఇల్లు ఉండదన్నది అక్కడా నిజమే.

అయితే అక్కడ ఒక తేడా ఉంది. కాగితాలు లేని మనిషికి ఆ చట్టంలో తిరిగి లేచే దారి ఉంది. దాని పేరు 'అర్రైగో', అంటే వేరూనడం. దేశంలో కొంత కాలం ఉన్నట్టు రుజువు చూపి, పని ఒప్పందమో చదువో కుటుంబ సంబంధమో ఉంటే నివాస అనుమతి అడగవచ్చు. ఇంతకు ముందు సాధారణంగా మూడేళ్ళు ఉండాల్సి వచ్చేది. 2025 మే 20 నుంచి అమలవుతున్న కొత్త నియమాల్లో రెండేళ్ళకు తగ్గించారు. 2005లో ప్రభుత్వం ఐదున్నర లక్షలకు పైగా కార్మికులకు ఒక్కసారిగా కాగితాలిచ్చింది. ఆ తర్వాత వలస కార్మికుల సంఘాలు దేశమంతా తిరిగి 6 లక్షలకు పైగా పౌరుల సంతకాలు సేకరించాయి. అందరికీ కాగితాలివ్వాలన్న ఆ ప్రతిపాదనను 2024 ఏప్రిల్‌లో పార్లమెంటు చర్చకు స్వీకరించింది. ఈ హక్కులు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు.

అర్రైగో ఉంది కదా అని కాగితాలు లేకుండా బయలుదేరమని దీని అర్థం కాదు. ఆ రెండేళ్ళూ ఆసుపత్రి, బడి తప్ప ఏదీ సులువుగా దొరకదు. ఆ కాలంలో కూలి ఎగ్గొట్టినా అడిగే ధైర్యం ఉండదు.

కులం విమానం దిగుతుందా?

కులానికి ఇంగ్లీషులో వాడే 'క్యాస్ట్' అన్న మాట పుట్టిందే స్పానిష్, పోర్చుగీసు మాట్లాడే ఆ నేల మీద. 'కస్తా' అంటే వంశం, జాతి. ఆ మాటతోనే స్పానిష్ పాలకులు లాటిన్ అమెరికాలో మనుషులను రక్తం లెక్కన మెట్లుగా విడగొట్టారు. పోర్చుగీసు వర్తకులు అదే మాటను మన సమాజానికి తగిలించారు.

స్పెయిన్ ఆఫీసులో గుమాస్తాకు మన ఇంటిపేరు చూస్తే కులం తెలియదు. చాలా మంది దళితులకు విదేశం ఇచ్చే మొదటి ఊపిరి అదే. కానీ అదే ఊళ్ళో కలిసే ఇంకో తెలుగువారికి ఆ ఇంటిపేరు చాలు. అద్దె గది పంచుకునేటప్పుడు, పండుగకు పిలిచేటప్పుడు, పెళ్ళి సంబంధం వచ్చేటప్పుడు 'మీది ఏ ఊరు, ఏ వీధి' అన్న ప్రశ్న మొదలవుతుంది. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలోనే అంబేద్కర్ కులం దేశం దాటి వెళ్ళే ప్రమాదాన్ని ఎత్తి చూపారు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో సియాటెల్ నగరం కుల వివక్షను పేరు పెట్టి నిషేధించాల్సి వచ్చింది. స్పెయిన్‌లో 2022లో వచ్చిన సమాన గౌరవ చట్టం పుట్టుక, జాతి మూలం, ఆర్థిక స్థితి కారణంగా వివక్షను నిషేధించింది. కులం అన్న మాట అందులో లేదు. అయినా 'పుట్టుక' అన్న మాట ఉంది. అక్కడ వివక్ష ఎదురైన దళితుడికి పట్టుకోవడానికి ఆ మాట దొరుకుతుంది.

ఇంకో విషయం కూడా ముందే తెలిసుండాలి. స్పెయిన్ పౌరసత్వానికి లాటిన్ అమెరికన్లకు రెండేళ్ళు చాలు, భారతీయులకు పదేళ్ళు కావాలి. తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డుతో ఎస్సీ రిజర్వేషన్ రాదు. ఐదేళ్ళకు వచ్చే దీర్ఘకాల నివాసంతో మాత్రం భారత పౌరసత్వం అలాగే ఉంటుంది.

పక్క జిల్లాలో ఉన్న స్పానిష్ దారి

స్పానిష్ మనకు మరీ దూరపు భాష కూడా కాదు. బార్సెలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును మొదలుపెట్టారు. 2009లో ఆయన మరణించే వరకూ, ఆ తర్వాతా ఆ సంస్థ దళితవాడల్లో ఇళ్ళు, బడులు, బత్తలపల్లిలో ఆసుపత్రి కట్టింది. దాని వెనుక స్పెయిన్‌లోని వేలాది మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన చందాలున్నాయి. ఆ సంస్థే అనంతపురంలో గ్రామీణ పిల్లల కోసం విదేశీ భాషల శిక్షణ సంస్థను నడిపింది. స్పానిష్, జర్మన్, ఫ్రెంచి నేర్చుకున్న దళిత, పేద కుటుంబాల పిల్లలు బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల్లో ఉద్యోగాలు సంపాదించారు. మదనపల్లె నుంచి అనంతపురం కొన్ని గంటల బస్సు ప్రయాణం.

దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. అమ్మను కువైట్ పంపడానికి అప్పు దొరికే ఊళ్ళో, ఆమె బిడ్డ ఒక విదేశీ భాష నేర్చుకోవడానికి దారి దొరకదు. ఆ రెండో దారే కుటుంబమంతా కలిసి వెళ్ళే దారి. స్పెయిన్ విద్యార్థి వీసా మీద వెళ్ళేవారు ఇప్రెమ్ లెక్కన ఖర్చులకు డబ్బు చూపిస్తే భార్యను లేదా భర్తను, పిల్లలను వెంట తీసుకువెళ్ళవచ్చు. విద్యార్థి వారానికి 30 గంటల వరకు పనిచేసుకోవచ్చు. వెంట వెళ్ళిన కుటుంబ సభ్యులకు మాత్రం ఆ అనుమతితో పనిచేసే హక్కు ఉండదు.

ఇప్పుడు చేయాల్సింది

ఎస్సీ విద్యార్థులకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. మరికొన్ని వర్గాల విద్యార్థులతో కలిపి ఏడాదికి 125 మందికి. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, డిగ్రీలో 60 శాతం మార్కులు, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500 లోపు ఉన్న విశ్వవిద్యాలయంలో సీటు ఉండాలి. 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, సామాజిక అధ్యయనాల అంశాలను దీన్నుంచి తీసేశారు. తమ సమాజం గురించి తాము విదేశంలో పరిశోధించే అవకాశం దళిత విద్యార్థులకు ఇలా మూసుకుపోయింది. దాన్ని తిరిగి తెరవమని అడగడం, సీట్లు పెంచమని అడగడం విద్యార్థి సంఘాల పని. స్పెయిన్‌లోనూ ఆ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాలున్నాయి. వాటి వైపు మన పిల్లలు చూడటం మొదలుపెట్టాలి.

వాడల్లో పనిచేసే కార్యకర్తలు ఈ రోజు నుంచే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బడి మానేసిన ఆడపిల్లలను, పెళ్ళయిన వాళ్ళను కూడా ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాయించాలి. అది పాస్‌పోర్టు రంగు మార్చకపోయినా దాని మీది ముద్రను మారుస్తుంది. అయితే పది పాసైన వారికి ఈసీఆర్ రక్షణలు, తప్పనిసరి బీమా వర్తించవు. అది కూడా చెప్పాలి. ఇప్పటికే వెళ్ళడానికి సిద్ధమైన అక్కకు ఒప్పంద పత్రం తెలుగులో చదివి వినిపించాలి. పాస్‌పోర్టు, వీసా, కఫీల్ చిరునామా, ఫోన్ నంబరు జిరాక్సు తీసి ఇంట్లో ఉంచాలి. ఆమె కువైట్‌లో దిగాక ఒక్క రోజు కూడా ఫోన్ లేకుండా పోతే ఎవరిని అడగాలో ఇంట్లో తెలిసుండాలి: కువైట్‌లోని భారత రాయబార కార్యాలయం, మదద్ పోర్టల్, మన రాష్ట్ర ఏపీఎన్ఆర్టీ సొసైటీ. బాధిత మహిళల కోసం ఆ రాయబార కార్యాలయంలో షెల్టర్ ఉందన్న సంగతి ప్రతి ఇంటికీ చేరాలి.

ప్రభుత్వాలను అడగాల్సింది ఇంకొకటి ఉంది. కువైట్‌తో మాట్లాడేటప్పుడు ఇప్పటి వరకు జీతం, బీమా, పాస్‌పోర్టు గురించే అడుగుతున్నారు. కుటుంబం గురించి అడగడం లేదు. పదేళ్ళు ఒకే దేశంలో పనిచేసిన తల్లికి తన బిడ్డను బడి సెలవుల్లోనైనా తన దగ్గరకు పిలిపించుకునే వీసా ఉండాలని అడగడం అత్యాశ కాదు. 189వ ఒప్పందాన్ని భారత ప్రభుత్వం ఆమోదిస్తే ఆ మాట అడగడానికి దానికి ఒక నైతిక బలం వస్తుంది.

వలస వెళ్ళడం ఆగదు. ఆగాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. వర్షాలు లేని పడమటి మండలాల్లో, భూమి లేని వాడల్లో, ఆ దినార్లే ఇల్లు కట్టాయి, పిల్లలను చదివించాయి. పుంగనూరు దళితవాడలో పక్కా ఇల్లు కనిపిస్తే అందులో కొంత ఒక అమ్మ ఒంటరితనం కూడా ఉంటుంది. తర్వాతి తరం అదే ఒంటరితనాన్ని అప్పు చేసి కొనుక్కోకుండా, ఇల్లంతా కలిసి వెళ్ళే కాగితాన్ని సంపాదించుకోవాలి. ఆ కాగితం పదో తరగతి బెంచీ దగ్గర మొదలవుతుంది.